కమ్యూనిటీ కాలేజీలో మ్యూజియం స్టడీస్ పాఠం, పక్కనే గ్యాలరీ బాధ్యత: రెండూ ఒక్కరే చూసుకోగలరా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్‌లో పెయింటింగ్‌లో ఎమ్మెఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్‌లో మాస్టర్స్) చేశారు. పెళ్లయ్యాక కాలిఫోర్నియా వచ్చారు, పనిచేసే అనుమతి ఉంది. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీవాళ్లు ఆగస్టు నుంచి మ్యూజియం స్టడీస్ పరిచయ కోర్సు ఒకటి చెప్పమన్నారు, దాంతోపాటు కాలేజీ ఆర్ట్ గ్యాలరీ కూడా చూసుకోమన్నారు. ఏడాదికి నాలుగు ఎగ్జిబిషన్లు. ఇంతకుముందు క్యూరేటర్‌గా, అంటే ఏం ప్రదర్శించాలో ఎంచి షో రూపొందించే పనిలో, చేసిన అనుభవం లేదు. ఒప్పుకోవచ్చా, పిల్లలకు ఏం నేర్పాలి, మన తెలుగు కళల్ని అక్కడ పెట్టొచ్చా అని అడిగారు.

ఒప్పుకోండి, రెండు షరతులు పెట్టి. గ్యాలరీ పనికి వారానికి ఎన్ని గంటల జీతం ఇస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి ఏడాది మూడు ఎగ్జిబిషన్లే చేస్తానని, అందులో ఒకటి మీ క్లాసు పిల్లలే మొదటి నుంచి చివరిదాకా చేస్తారని చెప్పండి. ఈ రెండూ కుదిరితే ఒక్కరే చేయగలరు. దక్షిణ కాలిఫోర్నియాలో ఇలాంటి కాలేజీలోనే నేను 18 ఏళ్లుగా రెండు పనులూ చేస్తున్నాను. అవి కుదరకపోతే క్లాసు ఒక్కటే తీసుకుని, గ్యాలరీ సంగతి వచ్చే ఏడాది చూద్దామనండి.

గంటల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పార్ట్‌టైమ్ అధ్యాపకులకు పూర్తికాలపు బోధన భారంలో 67 శాతం మించి ఇవ్వకూడదు. గ్యాలరీ పనిని ఆ లెక్కలో చేరుస్తారా, విడిగా స్టైపెండ్ ఇస్తారా, గంటల చొప్పున ఇస్తారా అన్నది కాలేజీని బట్టి మారుతుంది. అసలు లెక్కే లేకపోతే రాత్రి పదింటిదాకా గోడలకు రంగు వేస్తూ ఉండిపోతారు, ఆ గంటలు ఎక్కడా కనిపించవు. నా అనుభవంలో ఒక చిన్న షో దించి ఇంకొకటి పెట్టడానికే, ఉత్తరాలూ, బొమ్మలు అరువు తెచ్చుకునే లోన్ కాగితాలూ కలుపుకుంటే, 60 గంటలకు తక్కువ పట్టదు.

ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్ల కోసం ఒక మాట. కమ్యూనిటీ కాలేజీ అంటే హైస్కూల్ తర్వాత రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ. ఫీజు తక్కువ, ఎవరైనా చేరొచ్చు. కాలిఫోర్నియాలో ఇలాంటివి 116 ఉన్నాయి. నా క్లాసులో 19 ఏళ్ల అబ్బాయి పక్కన 60 ఏళ్ల రిటైర్డ్ నర్సు కూర్చుంటుంది. రాత్రి షిఫ్ట్ చేసి నేరుగా వచ్చేవాళ్లుంటారు. సగం మందికి మ్యూజియంలో అడుగుపెట్టిన అనుభవం ఉండదు. పాఠం ఎలా చెప్పాలన్నది ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

ఈ కాలేజీల్లో గ్యాలరీ ఎందుకు అని మీ డీన్ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, బడ్జెట్ తగ్గించాల్సి వచ్చినప్పుడు తప్పకుండా అడుగుతారు. జవాబు దగ్గర పెట్టుకోండి. ఈస్ట్ లాస్ ఏంజిలస్ కాలేజీలో హాలీవుడ్ నటుడు విన్సెంట్ ప్రైస్, ఆయన భార్య మేరీ 1957లో తమ సొంత సేకరణ నుంచి 90 కళాఖండాలు ఇచ్చారు. పెద్ద మ్యూజియాలకు వెళ్లే వీలు లేని విద్యార్థులు అసలు బొమ్మను కళ్లెదుట చూడాలన్నది వాళ్ల కోరిక. ఇప్పుడు అది విన్సెంట్ ప్రైస్ ఆర్ట్ మ్యూజియం. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కూపర్టినోలో డి ఆన్జా కాలేజీ ఆవరణలో యూఫ్రాట్ మ్యూజియం 1971 నుంచి ఉంది. చికాగో శివార్లలోని కాలేజ్ ఆఫ్ డుపేజ్ 2021లో మెక్సికన్ చిత్రకారిణి ఫ్రీడా కాలో బొమ్మలు 26 మెక్సికో నుంచి తెప్పించి ప్రదర్శించింది. అది కూడా కమ్యూనిటీ కాలేజీయే. మీకు ఇచ్చే గది రెండు క్లాస్‌రూముల పాటిదే కావొచ్చు. పని పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఒకటే.

కేలండర్ ఒక్కటే రాసుకోండి. మొదటి రెండేళ్లు నేను సిలబస్ వేరుగా, ఎగ్జిబిషన్ల పట్టిక వేరుగా రాసుకునేదాన్ని. బీమా గురించి పాఠం పదో వారంలో వచ్చేది, బొమ్మలు నాలుగో వారంలోనే వచ్చేసేవి. ఇప్పుడు ముందు ఎగ్జిబిషన్ తేదీలు వేసి, ఏ వారం ఏ పని జరుగుతుందో ఆ వారం ఆ పాఠం పెడతాను. బొమ్మలు వచ్చే వారం కండిషన్ రిపోర్ట్, అంటే వస్తువు ఏ స్థితిలో ఉందో చూసి రాసే నివేదిక. గోడకు ఎక్కించే వారం కొలతలు, లైటింగ్. ఓపెనింగ్ తర్వాతి వారం సందర్శకులు ఎక్కడ ఆగారు, ఏ లేబుల్ చదవకుండా వెళ్లిపోయారు అని పిల్లలే నిలబడి చూసి రాయడం. కోర్సును లెక్చర్‌తో పాటు ల్యాబ్ గంటలు కూడా ఉండేలా మార్చమని అడగండి. కోర్సుల్ని ఆమోదించే కరికులమ్ కమిటీ దాటడానికి ఏడాదైనా పడుతుంది, అందుకే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

ఇక ఏం నేర్పాలి అన్న ప్రశ్న. మొదటి క్లాసులో నేను స్లైడ్లు చూపించను. మా అమ్మమ్మ ఇత్తడి చెంబు తీసుకెళ్లి బల్ల మీద పెడతాను. ముందు ఎలా పట్టుకోవాలో చెప్తాను: ఉంగరాలు, గడియారం తీసేయాలి, రెండు చేతులతో పట్టుకోవాలి, ఒక చేయి అడుగున ఉండాలి, మూతి పట్టుకుని ఎత్తకూడదు, ఎత్తకముందే ఎక్కడ దించాలో చోటు చూసుకోవాలి. లోహం కాబట్టి నైట్రైల్ గ్లవ్స్. కాగితమైతే శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులే మేలు, గ్లవ్స్‌తో అంచు తెలియక చిరుగుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ దానికి కండిషన్ రిపోర్ట్ రాయాలి.

మొదటిసారి అందరూ "పాతది, బాగానే ఉంది" అని రాస్తారు. అప్పుడు నేను అడగడం మొదలుపెడతాను. బాగుండటమంటే ఏమిటి? సొట్ట ఉందా? ఎక్కడ? పైనుంచి చూస్తూ మూతిని గడియారం అనుకుంటే నాలుగు గంటల దగ్గర, అంచుకు రెండు సెంటీమీటర్ల కింద, సెంటీమీటరు వెడల్పున. అది కొత్త సొట్టా, పాతదా? లోపల బూడిద రంగు పొర సగం వరకే ఉందేం? అది కళాయి అని, పులుపు తగిలితే ఇత్తడి చిలుము పట్టకుండా తగరం పూత పూస్తారని అప్పుడు చెప్తాను. వెంటనే ఒక అబ్బాయి మెక్సికోలో వాళ్ల నానమ్మ రాగి గిన్నె గురించి చెప్పాడు, ఇంకో అమ్మాయి వియత్నాంలో తమ ఇంట్లో పూజ దగ్గర వాడే ఇత్తడి పాత్రను ఏడాదికోసారి తోమే పద్ధతి చెప్పింది. రెండు గంటలు గడిచేసరికి ఒకే చెంబు మీద 22 రిపోర్టులు వచ్చాయి, ఏ రెండూ ఒకేలా లేవు. వాటిని పక్కపక్కన పెట్టి, ఎవరు ఏం చూడలేదో వాళ్లతోనే పట్టించాను. చూడటం నేర్చుకోవాల్సిన పని అని వాళ్లకు ఆ రోజే తెలుస్తుంది. మీరు కూడా మీ ఇంట్లోది ఒకటి తీసుకెళ్లండి. పగిలినా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేనిదీ, మీకు దాని చరిత్ర తెలిసినదీ అయితే చాలు.

కండిషన్ రిపోర్ట్ ఇద్దరినీ కాపాడుతుంది. కొన్నేళ్ల కిందట ఒక చిత్రకారుడు షో అయ్యాక బొమ్మ తీసుకెళ్లి, ఫ్రేమ్ మూల మా దగ్గరే విరిగిందని రాశారు. పెట్టె విప్పిన రోజు నా విద్యార్థిని తీసిన ఫోటోలో ఆ విరుపు అప్పటికే ఉంది, తేదీతో సహా. ఫోటో పంపాక ఆయనే ఫోన్ చేసి, దారిలో జరిగుంటుందన్నారు. ఇంకోసారి నిజంగానే మావల్ల జరిగింది. స్టాండ్ జరుపుతుంటే సిరామిక్ కూజా అంచున పెచ్చు లేచింది. ముందు ఫోటో ఉంది కాబట్టి తప్పు మాదేనని దాపరికం లేకుండా ఆ సాయంత్రమే చెప్పగలిగాం, బీమా కూడా సజావుగా వచ్చింది. అప్పుడు ఫోన్ చేసింది విద్యార్థే. నేను పక్కన కూర్చున్నాను. కళాకారుడికి ఆ ఫోన్ చేయడం నేర్చుకున్నవాళ్లు ఏ మ్యూజియంలోనైనా పనికొస్తారు.

వెలుతురు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా వల్ల జరిగిన పెద్ద నష్టం అక్కడే ఉంది. చేరిన రెండో ఏడాది వస్త్రాల షో పెట్టాను. ఊళ్లోని ఒక తెలుగు కుటుంబంలో పెద్దావిడ తన పెళ్లినాటి కలంకారీ ఇచ్చారు. శ్రీకాళహస్తి పని, కలంతో గీసింది, సహజమైన రంగులు. పడమటి కిటికీ పక్క గోడ ఖాళీగా ఉందని అక్కడ వేలాడదీశాను. బ్లైండ్స్ ఉన్నాయి కదా అనుకున్నాను. మధ్యాహ్నాలు ఎవరో వాటిని తెరిచేవారు. ఆరు వారాల తర్వాత దించి చూస్తే ఎండ పడిన మేర ఆకులు నీలం వైపు తిరిగాయి. కలంకారీలో ఆకుపచ్చ అంటే నీలిమందు మీద పసుపు రంగు కలిసి వచ్చేదే. పసుపు తొందరగా వెలుస్తుంది, నీలం నిలబడుతుంది. పాత కలంకారీల్లో నీలం ఆకులు కనిపించేది అందుకే. ఇదంతా నేను చదువుకున్నదే. అయినా గోడ ఖాళీగా ఉందని అక్కడ పెట్టాను.

ఆవిడ ఇంటికి నేనే తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పోనీలేమ్మా, నేను పెట్టెలో పెడితే ఎవరు చూసేవాళ్లు" అన్నారు. ఆ మాట నాకు ఊరట కాలేదు. పాత కళావస్తువుల్ని బాగుచేసే కన్జర్వేటర్‌కు చూపిస్తే, వెలిసిన రంగు తిరిగి రాదని చెప్పారు.

అప్పటి నుంచి ప్రతి క్లాసుకూ ఈ లెక్క చేయిస్తాను. బట్టలకు, కాగితం మీది పనులకు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) అని, ఆయిల్ పెయింటింగులకు సుమారు 200 లక్స్ అని వాడుకలో ఉన్న హద్దులు. వెలుతురు నష్టం కూడుకుంటూ పోతుంది. 50 లక్స్‌లో రోజుకు ఎనిమిది గంటలు, 30 రోజులు ఉంటే 12,000 లక్స్ గంటలు. కిటికీ పక్కన 1,000 లక్స్ పడే చోట అదే మొత్తం 12 గంటల్లో పూర్తవుతుంది, అంటే గ్యాలరీ తెరిచే ఒకటిన్నర రోజు. నేరుగా ఎండ పడితే ఇంకా ఎన్నో రెట్లు. లక్స్ మీటర్ ఒకటి కొనండి, ఖరీదైంది అక్కర్లేదు. బ్లూ వూల్ కార్డులు కూడా తెప్పించండి. వాటిపై ఎనిమిది నీలం ఉన్ని గుడ్డ ముక్కలుంటాయి, మొదటిది అన్నిటికంటే త్వరగా వెలుస్తుంది. సగం అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి ఒకటి కిటికీలో, ఒకటి గ్యాలరీ గోడ మీద, ఒకటి బీరువాలో పెట్టించండి. సెమిస్టర్ చివర ఫాయిల్ తీసి చూపిస్తే ఇక మీరు లెక్చర్ ఇవ్వక్కర్లేదు.

గోడకు ఎక్కించడం త్వరగా చెప్పేస్తాను. చాలా గ్యాలరీల్లో బొమ్మ మధ్య భాగం నేల నుంచి 57 లేదా 60 అంగుళాల ఎత్తులో ఉండేలా చూస్తారు. మేము 57 పాటిస్తాం, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు కొంచెం సుఖం. 30 అంగుళాల బొమ్మ అయితే సగం 15. వెనక వైరును వేలితో పైకి లాగి పట్టినప్పుడు బొమ్మ పై అంచుకు నాలుగు అంగుళాల కింద ఉందనుకోండి. 57కు 15 కలిపి 4 తీసేస్తే 68, మేకు అక్కడ. ప్రతి విద్యార్థీ కనీసం మూడు బొమ్మలకు ఈ లెక్క తానే వేసి, తానే కొట్టాలి. నడవడానికి 36 అంగుళాల వెడల్పు వదలాలి. నేల నుంచి 27కీ 80కీ అంగుళాల మధ్య ఏదీ గోడ నుంచి నాలుగు అంగుళాలు మించి బయటకు పొడుచుకు రాకూడదు. చూపు లేనివారు కర్ర నేలకు తాకిస్తూ నడిచేటప్పుడు కింద కర్రకు తగిలేది ఏమీ ఉండదు, పైన పొడుచుకొచ్చింది ఒంటికి తగులుతుంది. నియమం వెనక మనిషిని చూపిస్తే పిల్లలు దాన్ని మర్చిపోరు.

లేబుల్ రాయించడం మీ కోర్సులో సగం. కళాకారుడి పేరు, శీర్షిక, ఏడు, దేంతో చేసింది, ఎవరు ఇచ్చారు: దీన్ని ఇక్కడ టూంబ్‌స్టోన్ లేబుల్ అంటారు. దాని కింద వివరణ 75 పదాలు దాటనివ్వను. పిల్లలు మొదట ఆర్ట్ హిస్టరీ పుస్తకం భాషలో రాస్తారు. "మీ అమ్మ ఇక్కడ నిలబడి చదివితే ఏమడుగుతుంది?" అంటాను. మళ్లీ రాస్తారు. మా దగ్గర ఇంగ్లీషు పక్కన స్పానిష్ తప్పనిసరి.

వస్తువు పక్కన ఏం పెడతామన్నదీ లేబులే. దీనికి నేను ప్రతి ఏడాదీ ఒకే ఉదాహరణ వాడతాను. 1992లో బాల్టిమోర్‌లో, మేరీల్యాండ్ హిస్టారికల్ సొసైటీ సేకరణలోని వస్తువులతోనే కళాకారుడు ఫ్రెడ్ విల్సన్ ఒక ప్రదర్శన చేశారు. వెండి కూజాలు, గ్లాసులున్న అద్దాల పెట్టెలోనే బానిసలకు వేసిన ఇనుప సంకెళ్లు పెట్టి "లోహపు పని" అని లేబుల్ పెట్టారు. రెండూ ఆ మ్యూజియానివే. పక్కపక్కన పెట్టింది మాత్రం అప్పుడే. ఆ ఫోటో చూపించి, ఇంటి నుంచి తెచ్చిన వస్తువుల్ని జతలు చేయమంటాను. పోయినేడు ఒక విద్యార్థి తండ్రి తోటపని గ్లవ్స్‌నూ తన గ్రాడ్యుయేషన్ టోపీనీ ఒకే స్టాండ్ మీద పెట్టాడు, వివరణ అక్కర్లేదన్నాడు. దాన్ని అలాగే ఉంచేశాం.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, తెలుగు కళలు. పెట్టండి, తప్పకుండా పెట్టండి. మొదటి షోగా మాత్రం వద్దు. మొదటిది విద్యార్థులదో, ఆ ఊరి కళాకారులదో కావాలి. లేకపోతే గ్యాలరీ మీ సొంతమన్న అభిప్రాయం పడుతుంది, పోగొట్టుకోవడం కష్టం. రెండోది, పండగ అలంకరణలా చేయకండి. బంతిపూల దండల మధ్య కొండపల్లి బొమ్మలు పెడితే అందంగానే ఉంటుంది, కానీ చూసినవాళ్లకు తెల్ల పొణికి చెక్క గురించి కానీ, ముక్కలు అతకడానికి చింతగింజల పిండి వాడతారని కానీ తెలియదు. మేము చేర్యాల నకాశీ పటాలు పెట్టినప్పుడు, పటం పక్కనే ఖాళీ గుడ్డ, సుద్ద, చింతగింజల పేస్టు గిన్నెల్లో పెట్టాం. పటం ఒక కులపురాణాన్ని పాడి చెప్పడానికి గీసేదని, కథ చెప్పేవాళ్లు దాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ పోతారని లేబుల్లో రాశాం. లేబుళ్లు మూడు భాషల్లో, తెలుగు కూడా. ఒక తెలుగు తాతగారు మనవరాలిని పక్కన పెట్టుకుని తెలుగు లేబుల్ పైకి చదివారు, ఆ పాప పక్కనున్న ఇంగ్లీషు చదివి సరిచూసింది. ఇద్దరూ అన్ని లేబుళ్లూ అలాగే చదివారు. ఆ షోకు ఖర్చుపెట్టిన ప్రతి గంటా నాకు దక్కింది.

పాత వస్తువుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. మన సంఘాల్లో మీ పేరు తెలిశాక "మా ఇంట్లో పాత విగ్రహం ఉంది, తాతగారి తాళపత్రాలు ఉన్నాయి, పెట్టుకోండి" అని ప్రేమగా ఫోన్లు వస్తాయి. భారత పురావస్తువుల చట్టం 1972 ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులనూ, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులనూ అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఎప్పుడు, ఎలా వచ్చిందో కాగితం లేకపోతే మర్యాదగా వద్దనండి. ఇది చెప్పడానికి క్లాసులో ప్రకాశం జిల్లా చందవరం ఉదాహరణ చెప్తాను. అక్కడి బౌద్ధ స్థలం నుంచి దొంగిలించిన, బుద్ధుణ్ణి ఆరాధించే భక్తుల శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొన్నది. పాత యజమాని గురించి అమ్మినవారు చెప్పిన కథ నిలబడలేదు, 2016లో ఇండియాకు తిరిగి ఇచ్చేసింది. అంత పెద్ద సంస్థే మోసపోయింది. మన చిన్న గ్యాలరీకి ఉన్న ఒకే రక్షణ, కాగితం అడగడం.

ఇదే మాట ఇక్కడి ఆదివాసుల వస్తువులకూ వర్తిస్తుంది. పాత కాలేజీల ఆంత్రోపాలజీ బీరువాల్లో బుట్టలు, పూసలు, ఒక్కోసారి అస్థికలు కూడా ఉంటాయి. 1990 నాటి నాగ్‌ప్రా చట్టం (ఆదివాసుల అస్థికలు, పవిత్ర వస్తువులు వాళ్లకు తిరిగి ఇవ్వడం గురించిన అమెరికా చట్టం) ఫెడరల్ నిధులు తీసుకునే కాలేజీలకూ వర్తిస్తుంది. 2024 జనవరి నుంచి కొత్త నిబంధనల ప్రకారం అస్థికలనూ, ఆ చట్టం కిందికి వచ్చే వస్తువులనూ ఆయా తెగల అంగీకారం లేకుండా ప్రదర్శించకూడదు, పరిశోధనకు ఇవ్వకూడదు. మాకు ఒకసారి మాస్కింగ్ టేప్ అంటించిన బుట్టలు దొరికాయి. ముట్టుకోకుండా బీరువా మూసి, డీన్‌కు చెప్పి, తెగ ప్రతినిధుల్ని పిలిచాం. వాటి ఫోటో కూడా క్లాసులో చూపించలేదు.

పిల్లలు అడిగే అసలు ప్రశ్న ఉద్యోగం. వాళ్లకు నిజం చెప్పండి. రెండేళ్ల డిగ్రీతో పెద్ద మ్యూజియంలో క్యూరేటర్ కాలేరు, దానికి మాస్టర్స్, చాలాచోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. కానీ మ్యూజియం అంటే క్యూరేటర్ ఒక్కరే కాదు. బొమ్మలు మోసి ఎక్కించే ఆర్ట్ హ్యాండ్లర్, ప్రదర్శనకు గది, స్టాండ్లు సిద్ధం చేసే ప్రిపరేటర్, వస్తువుల రికార్డులు చూసే రిజిస్ట్రార్ సహాయకులు, ఫ్రంట్ డెస్క్, స్కూల్ టూర్లు నడిపేవాళ్లు... ఈ పనులకు చేతి అనుభవమే చూస్తారు. నా దగ్గర చదివినవాళ్లలో ఎక్కువమంది ఈ దారుల్లోనే చేరారు, కొందరు నాలుగేళ్ల యూనివర్సిటీకి మారారు. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లకు మీ పిల్లల్ని పంపకండి. రాత్రి షిఫ్ట్ చేసుకునేవాళ్లు ఉచితంగా పనిచేయలేరు. అలాంటి అవకాశాలు ఇంట్లో డబ్బున్నవాళ్లకే దక్కుతాయి, మ్యూజియాల్లో ఎవరు పనిచేస్తారన్నది అక్కడే తేలిపోతుంది. లాస్ ఏంజిలస్ ప్రాంతంలోని మ్యూజియాల్లో, గెట్టీ ఫౌండేషన్ డబ్బిచ్చే గెట్టీ మారో అండర్‌గ్రాడ్యుయేట్ ఇంటర్న్‌షిప్‌లు 1993 నుంచి ఉన్నాయి, వేసవిలో పది వారాలు, జీతంతో. మీరు అక్కడికి దగ్గరైతే శరత్కాలంలోనే ఆ పేజీ పిల్లలకు చూపించండి, గడువు దగ్గరపడ్డాక చెప్తే సిఫార్సు లేఖలు రాయడానికి టైమ్ ఉండదు.

డబ్బు విషయంలో ఇంకొకటి. కళాకారులకు ఎంత చిన్నదైనా ఫీజు ఇవ్వండి. "పేరొస్తుంది కదా" అనకండి, మీరూ పెయింటర్ కాబట్టి ఆ మాట ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఏడాదికి షోలు తగ్గించమన్నదానికి ఇదీ ఒక కారణం. అదే బడ్జెట్ ముగ్గురికి సరిపోతుంది.

నగ్నచిత్రం మీదో, రాజకీయాల మీదో ఎప్పుడో ఒకసారి ఫిర్యాదు వస్తుంది. ఏం ప్రదర్శించాలో ఎవరు నిర్ణయిస్తారు, ఫిర్యాదు వస్తే ఎవరు ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, అంతవరకు బొమ్మ గోడ మీదే ఉంటుందా అన్నది ఒక పేజీ పాలసీగా రాసి, మొదటి సెమిస్టర్‌లోనే ఆమోదం తెచ్చుకోండి. నాకు ఫిర్యాదు వచ్చిన రోజు ఆ పేజీ ఉండటం వల్ల నేను చర్చకు రమ్మని పిలవగలిగాను, బొమ్మ దించలేదు. ఫిర్యాదు చేసినావిడ వచ్చి విద్యార్థులతో గంటసేపు మాట్లాడి వెళ్లారు.

ఆగస్టులోపు మీరు చేయాల్సినవి కొన్నే. గ్యాలరీకి వెళ్లి గోడలు మీరే కొలవండి, పాత ప్లాన్‌ను నమ్మకండి. తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో కనుక్కోండి. ఇతరుల బొమ్మలు మన దగ్గర ఉన్నప్పుడూ, రవాణాలోనూ కాలేజీ బీమా వర్తిస్తుందా అని రిస్క్ మేనేజ్‌మెంట్ వాళ్లను ఈమెయిల్‌లో అడగండి, నోటిమాట తీసుకోకండి. ఎవరైనా ఉచితంగా కళాఖండాలు ఇస్తామంటే, సేకరణ పాలసీ రాసేదాకా ఏదీ తీసుకోవడం లేదని చెప్పండి. ఒకసారి తీసుకున్నది ఎప్పటికీ చూసుకోవాల్సిందే. చివరగా స్టోర్‌రూమ్. తలుపు తీయగానే తడి వాసన వస్తే, గోడల ఫోటోలు తీసి, తేదీ వేసి ఆ రోజే డీన్‌కు పంపండి. జవాబు వచ్చేదాకా ఎవరి బొమ్మా ఆ గదిలో పెట్టకండి.